మెహతాబ్ చదివిన నలభై పేజీలు

మెహతాబ్‌ని నేను మొదటిసారి చూసింది ఆత్మకూరు లైబ్రరీలో, నా టేబుల్ ముందు. వానలు తగ్గుముఖం పడుతున్న రోజులు. ఉదయగిరి బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, బుర్ఖా అంచుకి ఎర్రమట్టి అంటుకుని ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. చేతిసంచీలోంచి పాత చీర ముక్కలో చుట్టిన పుస్తకం తీసి, ముడి విప్పి, రెండు చేతులతో నా ముందు పెట్టింది. 'పొద్దుకోట' మూడో భాగం. తీసుకెళ్ళి పది నెలలు దాటింది. అయినా అట్ట చెదరలేదు, ఒక్క పేజీ మడత పడలేదు. తెరిస్తే మాత్రం సన్నటి చెక్కపొడి టేబుల్ మీద రాలింది.

"నాలుగోది ఉండాదా మేడమ్?" అని అడిగింది.

కార్డు తీసి చూశాను. దాని మీద ఉన్నది ఇరవై ఏళ్ళ పిల్ల ఫొటో.

"నగ్మా అంటే మీరేనా?"

"కాదు మేడమ్. నగ్మా మాతో పనిజేసే పిల్ల. నెల్లూరులో ఉద్యోగం వచ్చి పోయింది. నేను మెహతాబ్." ఒక్క క్షణం ఆగి, నా కళ్ళలోకి చూసి అంది: "దీన్ని చదివింది నేనే."

ఈ ఉద్యోగంలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. పుస్తకం చదివానని చెప్పినవాళ్ళు వేలమంది. ఆ మాటని అంత మెల్లగా, బరువు దించినట్టుగా చెప్పినవాళ్ళని చూడలేదు. కూర్చోమన్నాను. ఆ మధ్యాహ్నం ఆమె చెప్పిందీ, ఆ తర్వాత రెండేళ్ళలో నేను కళ్ళారా చూసిందీ కలిపి రాస్తున్నాను.

ముందు 'పొద్దుకోట' సంగతి చెప్పాలి. ఆరు భాగాల నవల అది. అమృత అనే సర్వేయరు కొలతల పని మీద ఒక కొండకోటకి వెళ్తుంది. వాన పట్టుకుంటే కూలిపోయిన వాకిలి కింద నిలబడుతుంది. వాన వెలిసి బయటికి వచ్చి చూస్తే వాకిలి కూలి లేదు. తలుపులున్నాయి, కాపలావాళ్ళున్నారు. ఐదు వందల ఏళ్ళు వెనక్కి వచ్చేసింది. ఆమె చేతిలో కొలత టేపుని చూసి పామనుకుని ఒక గుర్రం బెదురుతుంది. దాన్ని పట్టుకోవడానికి పరిగెత్తుకొచ్చిన మనిషి కొండమరాజు, కోటలో గుర్రాల వైద్యుడు. అక్కడ మొదలవుతుంది వాళ్ళ కథ. అమృత ఈ కాలానికి వచ్చి ఒక నెల ఉంటే అక్కడ మూడేళ్ళు గడుస్తాయి. ఆమె తిరిగి వెళ్ళిన ప్రతిసారీ అతని తల మరికాస్త నెరిసి ఉంటుంది.

రాసినామె ఎవరో మాకెవరికీ తెలియదు. పుస్తకాల మీద ఫొటో కూడా లేదు. కోట పేరు కథలో ఎక్కడా రాదు. కానీ ఉదయగిరి వాళ్ళకి అనుమానమే లేదు, అది తమ కొండే.

ఉదయగిరిలో చెక్కతో స్పూన్లు, ఫోర్కులు చేసే షెడ్డు ఒకదానిలో మెహతాబ్ పన్నెండేళ్ళప్పటి నుంచీ పనిచేస్తోంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు. మెహతాబ్‌ది ఉలి పని. స్పూను కాడ మీద తీగలు, ఆకులు, జల్లెడలాంటి చిన్న చిన్న జాలీలు చెక్కుతుంది. కొందరు ఆకురాయితో అరగదీస్తారు, కొందరు గరుకు కాగితంతో నునుపు చేస్తారు. నగ్మా ఇంటర్ చదివిన పిల్ల, మెహతాబ్‌ని ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచేది. ఆత్మకూరులో మేనత్త ఇంటికి వచ్చినప్పుడు మా దగ్గర 'పొద్దుకోట' మొదటి భాగం తీసుకెళ్ళింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజూ అరగంట పైకి చదివేది. ఆ అరగంట షెడ్డులో ఆకురాయి చప్పుడు కూడా మెల్లగా వినిపించేదని మెహతాబ్ చెప్పింది.

"మేము పుట్టినప్పటి నుంచీ ఆ కొండని చూస్తానే ఉండాము మేడమ్. మేకలు మేసే కొండ అంతే. నగ్మా చదవతా ఉంటే తల ఎత్తి చూసినాను. దాని మీద మనుషులు కనపడినారు."

అట్లా రెండు భాగాలు అయిపోయాయి. మూడో భాగంలో కోటని శత్రువులు చుట్టుముట్టారు. లోపల నీళ్ళు అయిపోతున్నాయి. అమృత వాకిలి దగ్గర నిలబడి ఉంది. ఇవతల ఆమె తల్లి ఆసుపత్రిలో ఉంది, అవతల కొండమరాజు గాయపడి ఉన్నాడు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నగ్మాకి నెల్లూరులో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మర్నాడే చేరాలి. పుస్తకాన్ని మెహతాబ్ చేతిలో పెట్టి, "ఎవరితోనైనా చదివించుకోండి ఖాలా," అని వెళ్ళిపోయింది. ఇంకా నలభై పేజీలున్నాయి.

మెహతాబ్ ముందు కొడుకు నవాజ్‌ని అడిగింది. అతను కలిగిరి రూట్లో ఆటో తోలుతాడు. ఒక పేజీ గబగబా చదివి, "ఏందమ్మా ఇది, పెళ్ళి కానోళ్ళ కథ," అని నవ్వి పక్కన పడేశాడు. మరిది చదువుతాననే అన్నాడు గాని మూడు రోజులు తిప్పించాడు. షెడ్డులో మిగిలింది వరదమ్మ. యాభై ఏళ్ళ మనిషి, ప్రతి ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి, వేలు పెట్టి వరసలు చూస్తూ పాడుతుంది. ఆమెకి చదువు వచ్చని అందరికీ తెలుసు. కానీ పుస్తకం ఇస్తే కళ్ళజోడు లేదంది. కళ్ళజోడు తెచ్చిపెడితే తలనొప్పంది. నాలుగో రోజు మెహతాబ్ ఆమెని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి నిలదీసింది.

"ఏంది వరదమ్మక్కా, చదవడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు."

వరదమ్మ నేలకేసి చూస్తూ చెప్పింది. "నాకు చదువు రాదే. మా అమ్మ పాడతా ఉంటే పాటలన్నీ నోటికి వచ్చినాయి. వేలు ఊరికే పెడతాను. ముప్పై ఏండ్ల నుంచీ పెడతానే ఉండాను. ఎవురికీ చెప్పబాక."

మెహతాబ్‌కి కోపం రాలేదు. జాలి కూడా కలగలేదు. నోటికి వచ్చిన పాట, అచ్చులో ఉన్న అదే పాట. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా అనుకుంది.

ఆమెకి చిన్నప్పుడు అరబీ చదువు చెప్పారు. కాబట్టి అక్షరం అంటే ఏమిటో తెలుసు. గీతకి ఒక శబ్దం ఉంటుందని తెలుసు. తెలుగు అక్షరాలే తెలియవు. తెలిసిందల్లా బస్సు బోర్డులు. ఏ బోర్డు ఏ ఊరిదో ఆకారాన్ని బట్టి గుర్తుపడుతుంది. మర్నాడు పొద్దున బస్టాండుకి వెళ్ళి సిమెంటు బల్ల మీద కూర్చుంది. వచ్చిన బస్సునల్లా చూసింది.

ఉదయగిరి, కలిగిరి. రెండింటికీ చివర ఒకే రెండు బొమ్మలు. ఆత్మకూరు, దుత్తలూరు, నెల్లూరు. మూడింటికీ చివర ఒకటే బొమ్మ. ఉదయగిరిలో రెండో బొమ్మా, దుత్తలూరులో మొదటి బొమ్మా ఒకటే, కాకపోతే దుత్తలూరు దానికి పక్కన చిన్న తోక. అంటే తోక ఉంటే 'దు', లేకపోతే 'ద'. ఆ సంగతి తెలిసిన క్షణం ఆమె బల్ల మీద నుంచి లేచి నిలబడిందట. పక్కన కూర్చున్నాయన, "బస్సు ఇంకా రాలేదమ్మా," అన్నాడట.

ఆ రోజు నుంచీ ఇద్దరూ మొదలుపెట్టారు. అందరూ అన్నాలు తిని కునుకు తీసే అరగంటలో మెహతాబ్, వరదమ్మ షెడ్డు వెనక గోడ నీడలో కూర్చునేవాళ్ళు. వరదమ్మ నోటికి వచ్చిన పాటని ముక్క ముక్కగా చెప్పేది. మెహతాబ్ పాటల పుస్తకంలో వేలు జరుపుతూ, బోర్డుల నుంచి తెచ్చుకున్న అక్షరాలతో సరిపోల్చేది. సరిపోయిన కొత్త అక్షరాన్ని పనికిరాని చెక్కముక్క మీద ఉలితో చెక్కేది. చేత్తో చెక్కితే గాని బుర్రలో నిలవదు ఆమెకి. 'చ' ఒక చెక్క, 'వ' ఒక చెక్క. రంజాన్ వచ్చేసరికి సంచీ నిండా చెక్కలయ్యాయి.

'పొద్దుకోట'లో మెహతాబ్ చదివిన మొట్టమొదటి మాట 'గుర్రం'. గిరిలో 'గ' తెలుసు, తోక తెలుసు, సీతారామపురం బోర్డులో చివర 'రం' తెలుసు. కిందున్న వత్తుని మాత్రం ఊహించింది. తర్వాత వెతికితే అదే మాట ఆ పేజీలో నాలుగు చోట్ల కనపడింది.

"గుర్రం వరదమ్మక్కా! ఈడ గుర్రం ఉండాది. ఈడ, ఈడ కూడా."

వరదమ్మ వంగి చూసింది. నల్లటి ఆ చిన్న గుర్తుని వేలితో నిమిరింది. "ఇంత చిన్నదాంట్లో అంత గుర్రం ఎట్టా పట్టిందే?" అంది.

ఈ మాట చెబుతున్నప్పుడు మెహతాబ్ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. పుస్తకాల మధ్య ఇన్నేళ్ళు గడిపిన నేను ఆ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు.

నలభై పేజీలు చదవడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి పేజీకి ఇరవై రెండు రోజులు, చివరి పేజీకి ఒక మధ్యాహ్నం. పది పేజీలయ్యాక వరదమ్మ, "అందరికీ చదువు," అంది. మెహతాబ్‌కి భయమేసింది. అయినా నగ్మా కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చుని మొదలుపెట్టింది. ఒక్కో మాటకి ఆగుతుంది, కూడబలుక్కుంటుంది, తప్పు చదివి మళ్ళీ మొదటికి వస్తుంది. ఎవరూ విసుక్కోలేదట. ఆమె 'కొం' అని ఆగితే మిగతావాళ్ళంతా ఊపిరి బిగబట్టి, 'కొండమరాజు' అనగానే వదిలేవాళ్ళట. అమృత తల్లికి వైద్యం చేయించి తిరిగి వెళ్ళేసరికి అక్కడ తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. కొండమరాజు కుంటుతూ వాకిలి దగ్గరికి వచ్చి, "నీ గుర్రానికి ముసలితనం వచ్చింది, నాకు రాలేదు," అంటాడు. ఆ చివరి వాక్యం చదివాక మెహతాబ్ పుస్తకం మూసి లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఆ మర్నాడే ఆత్మకూరు బస్సెక్కింది.

ఆమె పేరు మీద కొత్త కార్డు రాసి, నాలుగో భాగం చేతికిచ్చాను. గడువు సంగతి నేనెత్తలేదు.

మా లైబ్రరీలో 'పొద్దుకోట'కి ఒక అలవాటు ఉంది. జనం పేజీల అంచుల మీద రాస్తున్నారని నేనే ప్రతి భాగం చివరా నాలుగు తెల్లకాగితాలు అతికించాను. ఏమన్నా రాయాలనుకుంటే అక్కడ రాయండని చెప్పాను. పాఠకులు ఆ కాగితాల మీద మాట్లాడుకునేవాళ్ళు. అందరికన్నా ఎక్కువ రాసేది సీతారామపురం మాలకొండయ్య. సర్వే శాఖలో కొలత గొలుసు పట్టే చైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. "నూట పన్నెండో పేజీలో అమృత చైను పట్టిన పద్ధతి సరిగ్గా ఉంది. రాసినామెకి పని తెలుసు," అని రాస్తాడు.

రెండు నెలల తర్వాత నాలుగో భాగం తిరిగొచ్చింది. చివరి కాగితం మీద, మాలకొండయ్య వరసల కింద, చెక్కినట్టుగా ఒక్కో అక్షరం విడివిడిగా ఉంది: "అమృత తిరిగి రాకూడదు. ఆయన ఒక్కడే ఐపోతాడు. మెహతాబ్, ఉదయగిరి." ఆమె కాగితం మీద రాసిన మొదటి వాక్యం అదేనని తర్వాత తెలిసింది.

మాలకొండయ్య మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని చూసి, అక్కడే నిలబడి జవాబు రాశాడు: "రావాలమ్మా. ఆమె కొలిచిన పొలాలు ఈడ సగంలో ఉండాయి."

తర్వాతిసారి వచ్చినప్పుడు దాని కింద మెహతాబ్ రాసింది: "పొలాలు యాడికీ పోవు పెద్దాయనా."

ఐదో భాగమంతా ఈ వాదమే. కలిగిరి నుంచి ఒకరు, దుత్తలూరు నుంచి ఇద్దరు టీచర్లు చేరారు. నేను కాగితాలు అతికిస్తూనే ఉన్నాను. ఇంతలో నగ్మా నెల్లూరు నుంచి మెహతాబ్‌కి ఫోన్ చేసింది. మూడో భాగం చివర ఏమైందో ఇంతవరకూ తనకి తెలియదట. నెల్లూరులో ఆ పుస్తకం దొరికినా ఒక్కతే చదవబుద్ధి కాలేదంది. మెహతాబ్ ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ నలభై పేజీలూ వారం రోజులు చదివి వినిపించింది. అంతా విన్నాక నగ్మా, "ఖాలా, నిజంగా నువ్వేనా?" అని అడిగింది.

ఆరో భాగం మా లైబ్రరీకి వచ్చినప్పుడు ఉదయగిరి నుంచి మెహతాబ్ కబురు పెట్టింది. చివరి అధ్యాయాన్ని ఎవరూ ముందుగా చదవొద్దు, అందరం కొండ మీద కలిసి వినాలి. పుస్తకం చేతులు మారుతున్న మూడు నెలలూ ఆ చివరి పేజీలకి రబ్బరు బ్యాండు వేసి ఉంచారు. నమ్ముతారో లేదో, ఒక్కరూ తియ్యలేదు. నేను కూడా.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఉదయగిరిలో కలిశాం. పదకొండు మందిమి. వరదమ్మ ఆ రోజు చర్చికి సెలవు చెప్పి వచ్చింది. మాలకొండయ్య, మెహతాబ్ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. చేతికర్ర పక్కన పెట్టి ఆయన నమస్కారం చేశాడు.

"నువ్వేనా అమ్మా, పొలాలు యాడికీ పోవన్నది?"

"నేనే పెద్దాయనా. పోయినాయా ఏంది?"

ఆయన పడి పడి నవ్వాడు. మేమంతా ఆయనతో సమానంగా మెల్లగా ఎక్కాం. పైదాకా వెళ్ళలేమని తెలిసి, దారిలో కూలిన ఒక వాకిలి దగ్గర ఆగాం. మంచు విడుతోంది. కింద ఊళ్ళో మైకు గొంతూ, బస్సు హారనూ సన్నగా వినిపిస్తున్నాయి. మెహతాబ్ రాయి మీద కూర్చుని, రబ్బరు బ్యాండు తీసి చదవడం మొదలుపెట్టింది.

ఆమె అప్పటికి తడబడటం మానేసింది. గొంతు పెద్దది కాదు, కానీ ఒక్క మాటా జారిపోలేదు. చివరి అధ్యాయంలో వాకిలి ఇక అమృతకి దారి ఇవ్వదు. ఎన్ని వానల్లో నిలబడినా అవతలికి వెళ్ళలేదు. కొండమరాజు చివరిసారి చెప్పిన ఒక కొలత గుర్తొస్తుంది. గడప నుంచి తూర్పుకి నలభై ఒక్క అడుగులు. టేపు పట్టి కొలుస్తుంది. పొదలు తప్పిస్తే ఒక రాయి. దాని మీద అతను చెక్కిన గుర్రం, దాని కింద ఆమె పేరు. ఆమె ఆ రాయి పక్కన కూర్చుని, తెచ్చుకున్న అన్నం మూట విప్పి తింటుంది. నవల అక్కడ అయిపోతుంది.

దుత్తలూరు టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాలకొండయ్య కళ్ళు తుడుచుకోకుండా అట్లాగే కూర్చున్నాడు. "వచ్చింది గదమ్మా ఆమె," అన్నాడు.

"వచ్చింది. ఆయన కూడా రాతి మీద వచ్చినాడు పెద్దాయనా," అంది మెహతాబ్.

అప్పుడు మాలకొండయ్య లేచాడు. చాలా ఏళ్ళ కిందట ఇటువైపు కొలతలకి వచ్చినప్పుడు గోడ వెనక రాత ఉన్న రాయి ఒకటి చూశానని, ఉందో లేదో చూద్దామని దారి తీశాడు. ముళ్ళు తప్పించుకుంటూ ఆయన వెనకే వెళ్ళాం. ఉంది. సగం నేలలో కూరుకుపోయిన నల్లరాయి, పైన నాచు. మెహతాబ్ మోకాళ్ళ మీద కూర్చుని దుపట్టా కొసతో రుద్దింది. వరసలు తేలాయి. ఏ కాలం నాటిదో నాకు తెలియదు, అవి చదవగల చదువు నాకు లేదు. మెలికలు తిరిగిన పాత అక్షరాలు. టీచర్లూ చూసి తల అడ్డంగా ఊపారు.

మెహతాబ్ వేలు పెట్టింది. మొదటి గీత దగ్గర ఆగింది, దాటింది, ముందుకి జరిపింది.

"ఇది గ," అంది మెల్లగా. "ఇది ర. దీని తలకట్టు వేరేగా ఉండాది గాని ర నే. ఇది... న."

మేము వంగి చూశాం. ఆమె చెప్పాక కనపడ్డాయి. అంతకు ముందు లేవు. వరదమ్మ పెదవులు కదుపుతూ ఆ మూడు అక్షరాలనీ మళ్ళీ మళ్ళీ అనుకుంటోంది.

మెహతాబ్ వేలు ఇంకోచోట ఆగింది. ఈసారి అక్షరం మీద కాదు, దాని పక్కన సన్నటి గాటు మీద. గోటితో దాని వెంట రెండుసార్లు నడిపింది.

"ఈడ ఉలి జారింది," అంది. "చూడండి, గీత బయటికి పోయింది. మళ్ళీ సర్దుకుని చెక్కినాడు. చెయ్యి నొప్పి పుట్టిందో, ఎవురైనా పిలిచినారో. నాకూ ఇట్టాగే జారతాది."

ఎన్ని వందల ఏళ్ళో తెలియని ఒక మనిషి, ఏదో పూట, ఎండలో కూర్చుని, చెయ్యి జారి, తిట్టుకుని, సర్దుకున్నాడు. ఆరు భాగాల నవల చదివి నేను కాలంలో వెనక్కి వెళ్ళడమంటే ఏమిటో తెలుసుకున్నాననుకున్నాను. ఆ గాటు మీద మెహతాబ్ గోరు చూశాక నేనూ వంగి అదే గాటు మీద వేలు పెట్టాను. ఎవరూ ఫొటో తియ్యలేదు. ఎవరికీ గుర్తు రాలేదేమో.

దిగేటప్పుడు మాలకొండయ్య చెయ్యి పట్టుకుని మెహతాబ్ నడిపించింది. వాళ్ళ షెడ్డు దగ్గర అందరం అన్నాలు తిన్నాం. అక్కడ వరదమ్మ పాటల పుస్తకం తీసి, ఎప్పుడూ పాడని, నోటికి రాని ఒక పాటని కూడబలుక్కుని చదివి నాకు చూపించింది. చదువు రాదన్న సంగతి దాచిన ముప్పై ఏళ్ళ గురించి తనే అందరికీ చెప్పి నవ్వింది.

సంక్రాంతి దాటాక మెహతాబ్ ఆత్మకూరు వచ్చింది. ఆరో భాగం తిరిగి ఇచ్చేసింది. కొత్త నవలలు వచ్చాయి, మంచివి చూసి ఇస్తానని నాలుగు తీసి ముందు పెట్టాను. అట్టలు చూసింది, ఒకటి తెరిచి రెండు వరసలు చదివింది, మర్యాదగా పక్కన పెట్టింది.

"ఇవి తర్వాత తీసుకుంటాను మేడమ్. 'పొద్దుకోట' ఒకటీ రెండూ ఇవ్వండి."

"అవి అయిపోయినాయి గదా మెహతాబ్?"

"అవి విన్నాను మేడమ్, చదవలా. అమృత మొదటిసారి వాకిలి దాటినప్పుడు నేను ఆమెతో లేను. నగ్మా ఉండింది."

రెండు పుస్తకాలూ ఇచ్చాను. సంతకం పెట్టి, చీర ముక్క పరిచి, వాటిని చుట్టబోయి ఆగింది. మొదటి భాగాన్ని మాత్రం బయటే ఉంచుకుంది. బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉందని కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని మొదటి పేజీ తెరిచింది. కాసేపటికి నేను ఏదో అడిగాను. ఆమె వినలేదు.